పసుపు మాటకు ఎలుక ప్రోటీన్ సాక్ష్యం

సంక్రాంతి దాటితే కమ్మర్‌పల్లి చుట్టుపక్కల పసుపు ఉడికే ఆవిరి లేస్తుంది. కొమ్ములు వేరు, గోళ వేరు. లావుపాటి గోళ ఆలస్యంగా ఉడుకుతుంది మరి. నురగ పొంగి, వాసన గుప్పుమని, పుల్ల సులువుగా దిగితే ఉడికినట్టే. నిజామాబాద్ యార్డులో కొనేవాడు కొమ్ము విరిచి రంగు చూస్తాడు. కానీ పసుపు వాపు తగ్గిస్తుందన్న మాటను అలా విరిచి చూడలేం. గాయాలకు పసుపు వాడటంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన దేశ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపి 1997లో రద్దు చేయించింది. దాంతో మన వాడకం పాతదని తేలింది. ఎంత పనిచేస్తుందో ఆ కాగితాలు చెప్పవు, ప్రయోగశాలలో కొలవాల్సిందే.

వాపు వచ్చిన చోటికి తెల్ల రక్తకణాలను రప్పించే చిన్న ప్రోటీన్లు కీమోకైన్లు. వాటిలో ఎంసీపీ-1 మోనోసైట్లు అనే తెల్ల కణాలను పిలుస్తుంది. 1983లో చుంచెలుక కణాల్లో దీని జన్యువు బయటపడినప్పుడు జేఈ అన్నారు. పసుపులోని కర్కుమిన్ తగిలాక ఎలుక కణాలు దీన్ని ఎంత తగ్గించాయో కొలవాలంటే, లెక్క తెలిసిన శుద్ధ ప్రోటీన్ తూకపురాయిలా పక్కన ఉండాలి. మనిషిది ఇక్కడ చెల్లదు: అందులో 76 అమైనో ఆమ్లాలు, ఎలుకదానిలో 125.

ఎలుక నుంచి పిండితే దొరికేది అత్యల్పం. అందుకే ఎలుక జన్యువును ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయంలో కూర్చి ఈ.కొలి బ్యాక్టీరియాలోకి పంపుతారు. 1973లో కోహెన్, బోయర్ చూపిన దారి ఇది. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిందీ ఆ దారినే, అయితే ఈస్ట్ కణాల్లో.

అసలు పనితనం ఆ తర్వాతే. బ్యాక్టీరియాలో ప్రోటీన్ తరచూ కరగని ముద్దగా పేరుకుంటుంది. దాన్ని గాఢమైన యూరియా ద్రావణం లాంటిదానితో విప్పాలి. పొలంలో చల్లే యూరియానే, శుద్ధి మాత్రం వేరు. తర్వాత మెల్లగా పలుచన చేస్తూ మళ్లీ మడతపడనివ్వాలి. రెండు గంధకపు బంధాలు సరైన జతల్లో కుదరకపోతే తూకం సరిపోయినా ప్రోటీన్ పనికిరాదు. ఇంకో బెడద ఎండోటాక్సిన్. ఈ.కొలి పైపొర నుంచి వచ్చే ఆ మలినం ఒక్కటే చాలు, కణాలు వాపు సంకేతాలు పంపుతాయి. ఆ పని మన ప్రోటీన్ చేసిందని భ్రమపడతాం. చివరగా, సన్న రంధ్రాల పొరకు పైన కణాలను, కింద ప్రోటీన్‌ను ఉంచుతారు. కణాలు కిందికి దిగితేనే అది మేల్సరుకు.

ఇంత జాగ్రత్త పడ్డా పసుపు సులువుగా లొంగదు. పరీక్షలను తప్పుదారి పట్టించే గుణం కర్కుమిన్‌కు ఉందని 2017లో ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో వచ్చిన సమీక్ష హెచ్చరించింది. ఎంసీపీ-1ను కొలిచే ఎలైసా పరీక్షలో చివరికి తేలేదీ పసుపు రంగే, దాన్ని చదివేది 450 నానోమీటర్ల దగ్గర. కర్కుమిన్ కూడా దాదాపు అక్కడే కాంతిని పీల్చుకుంటుంది. అందుకే జాగ్రత్తపరులు పరీక్ష పళ్లెంలోని గుంటలను పదేపదే కడిగి, ఉత్త కర్కుమిన్ పోసిన కొన్ని గుంటలను పక్కనే ఉంచుతారు.