మధ్య గడి

మార్చి చివరి రోజుల్లో జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా విశ్వవిద్యాలయం అకడమిక్ సెనేట్ సమావేశమైంది, వచ్చే ఏడాదికి ఇన్ని వందల కోట్ల బడ్జెట్‌ను ఆమోదించింది, ఇన్ని కోట్ల లోటు చూపించింది, ఆ లోటును ప్రభుత్వం పూడుస్తుందని వీసీ ఆశాభావం వ్యక్తం చేశారు. పక్కనే ఫొటో. వేదిక మీద నలుగురైదుగురు బడ్జెట్ పుస్తకాన్ని అట్ట కనబడేలా ఎత్తి పట్టుకుని ఉంటారు. పరిశోధనకు విదిల్చింది ఇంతేనా అంటూ మర్నాడు విద్యార్థి సంఘాల ప్రకటన. ఆ తర్వాత మళ్లీ మార్చి దాకా ఆ పుస్తకాన్ని తెరిచేవాళ్లు ఉండరు.

నేను తెరుస్తాను. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రోజుల్లో వంతు ప్రకారం శాఖాధ్యక్ష పదవి నెత్తిన పడింది, కొంతకాలం సెనేట్‌లోనూ కూర్చున్నాను. అప్పుడు అంటుకున్న అలవాటు రిటైరయ్యాకా వదల్లేదు. పాత సహోద్యోగులు ఎవరైనా వస్తుంటే బడ్జెట్ ప్రతి ఒకటి తెచ్చిపెట్టమంటాను. మా ఆవిడకి ఇది మామిడిపళ్లు తెమ్మనాల్సిన చోట తాటాకులు తెమ్మన్నట్టుగా ఉంటుంది.

ఆ పుస్తకంలో ఏ పద్దు తీసుకున్నా దానికెదురుగా ముఖ్యంగా మూడు అంకెలుంటాయి. మొదటిది కిందటేడు నిజంగా అయిన ఖర్చు. మూడోది వచ్చే ఏడాదికి వేసిన అంచనా. నడుమ ఉన్నది ఈ నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా. పత్రికలు మూడోదాన్ని పట్టుకుంటాయి, ఆడిటర్లు మొదటిదాన్ని. మధ్య గడిని ఎవరూ పట్టించుకోరు. విశ్వవిద్యాలయం ఎవరికి ఇచ్చిందో, ఎవరిని ఆగమందో తెలిసేది అక్కడే.

ముందు పని ఎలా మొదలవుతుందో చెప్పాలి. దసరా సెలవులు అయిపోయి క్లాసులు గాడిన పడే వేళకు ఆర్థికాధికారి కార్యాలయం నుంచి సర్క్యులర్ వస్తుంది: వచ్చే ఆర్థిక సంవత్సరానికి మీ శాఖ ప్రతిపాదనలు నిర్ణీత నమూనాలో ఫలానా తేదీలోగా పంపండి. చదువుల ఏడాది వేసవి తర్వాత మొదలవుతుంది, డబ్బుల ఏడాది ఏప్రిల్‌లో. అంటే ఇంకా అడ్మిషన్ నోటిఫికేషన్ కూడా రాని బ్యాచ్‌కి ఎంత యాసిడ్ కావాలో, ఎన్ని బ్యూరెట్లు పగులుతాయో నవంబరులోనే రాసివ్వాలి. రసాయనాలు, గాజుసామాను, గ్యాసు, పరికరాల వార్షిక నిర్వహణ, జర్నళ్లు, సెమినార్లు, ఫీల్డ్ ట్రిప్పులు అంటూ మా శాఖలో అందరం కూర్చుని జాబితా వేసేవాళ్లం. ఎలాగూ కోస్తారని తెలుసు గనక కొంచెం పెంచి రాసేవాళ్లం. పెంచి రాశారని వాళ్లకీ తెలుసు గనక కోసేవాళ్లు. అకౌంట్స్ విభాగంలో ఒక సూపరింటెండెంట్ ఉండేవారు, తల ఎత్తకుండానే అనేవారు: "సార్, మీరు అడిగింది రాస్తాను. వచ్చేది ఎంతో నాకు తెలుసు. రెండూ వేరువేరు పుస్తకాలు."

ఈ ప్రతిపాదనలన్నీ కూడి ఆర్థిక సంఘం ముందుకు వెళ్తాయి. అధ్యక్ష స్థానంలో వీసీ, పక్కన ఆర్థిక శాఖ, ఉన్నత విద్యాశాఖల తరఫు ప్రతినిధులు ఉంటారు. అక్కడి నుంచి పాలకమండలికి, తర్వాత సెనేట్‌కి. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం పాత సెనేట్, సిండికేట్‌లను తీసేసి వాటి స్థానంలో అకడమిక్ సెనేట్‌ను, పాలకమండలిని పెట్టింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని తన పేరు మీదికి మార్చుకుంది. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. అడిగినవాళ్లు, లెక్క చూసినవాళ్లు, ఒప్పుకున్నవాళ్లు వేరువేరుగా ఉండాలన్నది మంచి సూత్రమే.

చిక్కంతా రాబడి వైపు ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి పెద్ద ఆధారం ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు. ఆ గ్రాంటు ఎంతో రాష్ట్ర బడ్జెట్‌లో ఉంటుంది. రాష్ట్ర బడ్జెట్ శాసనసభ ముందుకు వచ్చేది ఫిబ్రవరిలోనో మార్చిలోనో. విశ్వవిద్యాలయం లెక్కలు వేసుకునేది అంతకు ముందే. కాబట్టి రాబడి పేజీలో రాసే గ్రాంటు అంకె కొంత అనుభవం, కొంత ఆశ. దాన్నీ మిగతా రాబడినీ ఖర్చులోంచి తీసివేస్తే మిగిలేదే పత్రికల్లో వచ్చే ఆ లోటు. దాన్ని నేను లెక్కగా చదవను, విన్నపంగా చదువుతాను. ఇంకొంచెం ఇప్పించండి అని నేరుగా ఉత్తరం రాయడానికి మొహమాటపడి అంకెల్లో రాసిన విన్నపం.

ఇవ్వబోయేది ముందే తెలిసిన రోజులూ ఒకప్పుడు ఉండేవి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన తొలినాళ్లలో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చేవారు. ఆ కాలంలో లక్షంటే ఒక సైన్సు కాలేజీ నిలబడేంత సొమ్ము. 1931లో మొదలైన సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టుకున్నారు. రాజుల దయ మీద చదువులు నడవాలని నేననను. కానీ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డికైనా, ఆయన తర్వాత వచ్చిన రాధాకృష్ణన్‌కైనా ఫలానా ఖాతాలోకి ఏటా ఇంత వస్తుందన్న ధీమా ఉండటం చిన్న సంగతి కాదు. ఇవాళ్టి వీసీకి రాష్ట్ర బడ్జెట్‌లో అచ్చయిన అంకె మీద కూడా ఆ ధీమా లేదు.

ఎందుకంటే అచ్చయిన గ్రాంటు ఒక్కసారిగా రాదు. మూడు నెలలకో విడత చొప్పున విడుదల ఉత్తర్వులు రావాలి. ఉత్తర్వు వచ్చాక బిల్లు ట్రెజరీలో ఆమోదం పొందాలి. ఆర్థిక సంవత్సరం చివర్లో ట్రెజరీ మీద ఆంక్షలు పెడితే ఉత్తర్వు చేతిలో ఉన్నా సొమ్ము ఖాతాలో పడదు. ఈలోగా ఒకటో తారీఖు వచ్చేస్తుంది. జీతాలూ పింఛన్లూ ఆపలేరు గనక పరీక్ష ఫీజుల ఖాతాలోంచో, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఖాతాలోంచో తీసి సర్దుతారు. గ్రాంటు వచ్చాక తిరిగి జమ చేస్తామని ఫైలులో రాస్తారు. ఆ ఏడాదిలోనే జమైతే అదృష్టం.

కాలువలో నీళ్లు తక్కువైతే ఎండేది చివరి ఆయకట్టే. మా దగ్గర చివరి ఆయకట్టు లైబ్రరీ, ప్రయోగశాల, హాస్టల్ మరమ్మతులు. జీతం ఆగితే ధర్నా జరుగుతుంది. పింఛను ఆగితే పెద్దమనుషులు కోర్టుకెళ్తారు. పరికరం నిర్వహణ ఒప్పందం పొడిగించకపోతే ఏమవుతుంది? ఆ పరికరం మీద పనిచేసే పరిశోధక విద్యార్థి ఇంకో ఊళ్లో ఇంకో ల్యాబ్‌కి నమూనాలు పంపించుకుంటాడు, సొంత ఖర్చుతో. అతను ఏ పద్దులోనూ కనిపించడు.

మధ్య గడి తయారయ్యేది ఈ సర్దుబాట్లన్నీ ముగిశాకే. డిసెంబరు, జనవరుల్లో అప్పటిదాకా అయిన ఖర్చు చూసి, మిగిలిన నెలలకు ఎంత కావాలో వేసి అంకెలను సవరిస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, అది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. లెక్కలు నగదు పద్ధతిలో రాస్తారు. అంటే డబ్బు చేతులు మారితేనే ఖర్చు. జర్నళ్లు తెప్పించుకున్నాం, బిల్లు వచ్చింది, గ్రాంటు రాక బిల్లు కట్టలేదు అనుకోండి. పుస్తకం ప్రకారం జర్నళ్ల మీద ఖర్చే లేదు. సవరించిన అంచనాలో ఆ పద్దు కుదించుకుపోతుంది. మరుసటి ఏడు మనం మామూలు మొత్తమే అడిగితే ఎదురుగా ఉన్న అధికారి మధ్య గడి మీద వేలు పెడతారు: "కిందటిసారి ఇచ్చిందే ఖర్చు చేయలేదుగా, మళ్లీ ఇంత ఎందుకు?" ఇవ్వకపోవడమే అక్కర్లేదనడానికి సాక్ష్యంగా మారుతుంది. ఎవరూ అబద్ధం ఆడరు. ప్రతి అంకె వెనకా ఓచరుంటుంది.

జీతాల పద్దులోనూ ఇలాంటి కథే ఉంది. ఒక ప్రొఫెసరు రిటైరయ్యారనుకుందాం. ఆయన జీతం జీతాల పద్దులోంచి తప్పుకుంటుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, నెలనెలా పింఛను ఇంకో పద్దులోకి చేరతాయి. ఆయన చెప్పే పాఠం మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి గనక పార్ట్‌టైం అధ్యాపకుడిని తెస్తారు. అతనికిచ్చే గంటల లెక్క సొమ్ము చాలాచోట్ల విశ్వవిద్యాలయం సొంత రాబడిలోంచే వెళ్తుంది. ఒక్క కుర్చీ ఖాళీ అయితే మూడు పద్దులు కదిలాయి. మధ్య గడిలో జీతాల అంకె తగ్గడం చూసి పొదుపు అనుకునేవాళ్లను నేను సెనేట్‌లోనే చూశాను. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం ఉంది కాబట్టి ఈ బరువు ఏదో ఒకనాటికి తేలికపడుతుంది. ఆలోగా అంతకు ముందు చేరిన మాలాంటి వాళ్లం దీర్ఘాయుష్షుతో ఆ పద్దులో కూర్చుని ఉంటాం. పుస్తకం చదివేటప్పుడు ఆ పేజీ దగ్గర కొంచెం సిగ్గుపడతాను.

పైనుంచి వచ్చే మేలు కూడా ఒక్కోసారి ఇలాగే బరువవుతుంది. 2016 జనవరి 1 నుంచి విశ్వవిద్యాలయ అధ్యాపకులకు కొత్త యూజీసీ వేతనాలు అన్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దానివల్ల పెరిగే ఖర్చులో 50 శాతం కేంద్రం భరిస్తుందన్నారు, అదీ 2019 మార్చి 31 వరకే. అంతకుముందు 2006 సవరణలో 80 శాతం, 2010 మార్చి వరకు. గడువు దాటాక మొత్తం భారం రాష్ట్రానిదే. వేతనం పెంచడం న్యాయమే, నేను కూడా అందుకున్నాను. అయితే కేంద్రం వాటా ఆగిన ఏడాది రసాయనాల పద్దు ఎలా ఉందో చూడమని ఎవరైనా ఆర్థికశాస్త్ర విద్యార్థికి పీహెచ్‌డీ అంశంగా ఇవ్వొచ్చు.

సొంత రాబడి పెంచుకోండి అనే సలహా ప్రతి సమావేశంలోనూ వినపడుతుంది. అనుబంధ కళాశాలల ఫీజులు, పరీక్ష ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య. వీటిలో దూరవిద్య ఒకప్పుడు పాడి ఆవు. అధ్యయన కేంద్రాలు రాష్ట్రం సరిహద్దు దాటకూడదని యూజీసీ కట్టడి చేశాక ఆ పాలు తగ్గాయి. కళాశాలలు స్వయంప్రతిపత్తి తెచ్చుకుని పరీక్షలు తామే పెట్టుకుంటుంటే పరీక్ష ఫీజులూ అటే పోతున్నాయి. ఇక సెల్ఫ్ ఫైనాన్స్ పేరుతో నడిచే కోర్సుల్లో చాలామంది పిల్లల ఫీజు కట్టాల్సింది ప్రభుత్వమే, రీయింబర్స్‌మెంట్ కింద. ఒకే ఖజానా గ్రాంటు రూపంలో ఒకసారి, ఫీజు రూపంలో ఇంకోసారి బాకీ పడుతుంది. రెండోదాన్ని మనం సొంత రాబడి అంటున్నాం.

పోనీ ఎలాగో కూడబెట్టుకుంటే? 2021లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిధుల్లోంచి దాదాపు 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సేవల సంస్థకు బదిలీ చేయించినప్పుడు ఉద్యోగులు ఆందోళనకు దిగారు. తప్పొప్పుల సంగతి అటుంచితే, మిగులు చూపించడంలో ఉన్న ప్రమాదం అన్ని విశ్వవిద్యాలయాల ఆర్థికాధికారులకూ ఆ ఒక్క వార్తతో అర్థమై ఉంటుంది. లోటు చూపిస్తేనే క్షేమం.

సెనేట్ చర్చ గురించి రెండు మాటలు. సభ్యులు హాస్టల్ మెస్ గురించి మాట్లాడతారు, కళాశాలల తనిఖీ గురించి మాట్లాడతారు, తమ ప్రాంతానికి పీజీ సెంటర్ కావాలంటారు. అన్నీ అవసరమైనవే. భోజనాల వేళకు బడ్జెట్ బల్లల చప్పుడు మధ్య ఆమోదం పొందుతుంది. వాళ్లను తప్పుపట్టలేను. జీతాలూ పింఛన్లూ పోగా మార్చడానికి మిగిలేది ఏముంది? అయినా ఒక్క ప్రశ్న అడగడానికి అడ్డేమీ లేదు: ఈ తేదీకి చెల్లించని బిల్లులు ఎన్ని, ఎవరివి, ఎప్పటినుంచి? ఆ జాబితా వేసే పేజీ మా పుస్తకంలో ఉండేది కాదు. ఇప్పుడు నేను తెప్పించుకుంటున్న వాటిలోనూ కనబడలేదు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకతను ఈమధ్య శాఖాధ్యక్షుడయ్యాడు. సర్క్యులర్ రాగానే ఫోన్ చేశాడు. "సార్, ఎంత పెంచి రాయమంటారు?" అన్నాడు. "పెంచకయ్యా. ప్రతిపాదనకు జతగా మీ శాఖ బకాయి బిల్లుల పట్టిక ఒకటి పెట్టు. రసాయనాల కొట్టుకెంత, గ్యాసు ఏజెన్సీకెంత, ఏ నెల నుంచి అన్నీ రాయి. మధ్య గడి ఎందుకు తగ్గిందో దాంతో తెలుస్తుంది" అన్నాను. పాపం, రాత్రింబవళ్లు కూర్చుని రెండు పేజీల పట్టిక వేశాడు. పంపించిన వారానికి ప్రతిపాదన తిరుగు టపాలో వచ్చింది. మీద ఎర్ర సిరాతో నోటు: నిర్ణీత నమూనాలో మాత్రమే పంపగలరు.

మళ్లీ ఫోన్ చేశాడు. నమూనాలో చివరన రిమార్కులు అని బొటనవేలంత గడి ఒకటుంటుంది కదా, అందులో రాయమన్నాను. పట్టదు సార్ అన్నాడు. "వెనక పేజీ చూడుడు" అని రాయమన్నాను.