హీమటైట్ చుట్టపక్కాలు

బస్తర్ పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. ఇంట్లో హల్బీయో, గోండీయో, ధుర్వాయో. కోంట, భోపాలపట్నం వైపైతే తెలుగూ వినిపిస్తుంది. బళ్లో హిందీ. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ పేరిట ఇంగ్లీషు మీడియం బడులు మొదలుపెట్టాక కొందరికి ఆ వరస మారింది. పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్ల చేతిలో మాత్రం అదే గైడు: సినానిమ్స్, యాంటోనిమ్స్, పక్కన హిందీ అర్థం. దాన్ని మళ్లీ గోండీలోకి తెచ్చుకునే తిప్పలు చదివేవాడివే.

ఈ విద్య మనకూ కొత్త కాదు. జీఆర్‌ఈ కోసం బారన్స్ పుస్తకంలోని మాటల్ని అక్షరక్రమంలో బట్టీ పట్టిన తరం అమీర్‌పేటకు బాగా తెలుసు. ‘ఏ’తో మొదలెట్టినవాళ్లలో ‘జడ్’ దాకా వెళ్లినవాళ్లెందరో అడగకపోవడమే మర్యాద. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ యాంటోనిమ్స్‌నీ అనాలజీలనీ తీసేసింది. బట్టీ మాత్రం పోలేదు.

బస్తర్‌కు అంతకన్నా మంచి పాఠం కొండల్లోనే ఉంది. దంతెవాడ జిల్లా బైలడిల్లాలో ఎన్‌ఎండీసీ 1968 నుంచి తవ్వుతున్న ఇనుప ఖనిజం కిరండూల్‌లో రైలెక్కి విశాఖకు వస్తుంది. దాని పేరు హీమటైట్. నూరితే ఎర్రటి పొడి. గ్రీకులో ‘హైమా’ అంటే నెత్తురు, రాయికి ఆ పేరు అందుకే. ఈ ఒక్క ముక్క పట్టుబడితే హిమోగ్లోబిన్, హెమరేజ్, హెమటాలజీ అన్నీ దాని చుట్టపక్కాలేనని తేలిపోతుంది. అనీమియా కూడా: ముందున్న ‘అన్’ లేమిని చెబుతుంది. పైగా హిమోగ్లోబిన్‌లో ఉండేదీ ఇనుమే. సికిల్ సెల్ జబ్బు బాధిస్తున్న ప్రాంతం కాబట్టి వీటిలో ఒకటి రెండు మాటలు ఆస్పత్రి కాగితం మీద ఎలాగూ ఇంటికొస్తాయి.

జగదల్‌పూర్‌కు దక్షిణాన కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ ఉంది. స్టాలక్టైట్ పైనుంచి దిగేదా, స్టాలగ్మైట్ కిందినుంచి లేచేదా అన్నది పుస్తకంలో చదివినవాడు మర్నాటికి తారుమారు చేస్తాడు. గుహలో నెత్తికి తగిలించుకున్నవాడు చెయ్యడు.

అయితే ‘అబ్‌స్టీమియస్’కూ ‘యుబిక్విటస్’కూ చూపించడానికి కొండా లేదు, గుహా లేదు. భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో వేసిన అంచనా ప్రకారం నవలనో పత్రికనో ఎవరి సాయం లేకుండా చదవడానికి ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలి. వాటిలో ఎక్కువభాగం చదువుతూ పదేపదే ఎదురుపడితేనే ఒంటబడతాయి. అందుకు ఇంగ్లీషు కథల పుస్తకాలు చేతికందాలి. పల్లెకు గైడు చేరినంత సులువుగా అవి చేరవు.