సంతకం ఎవరిది?

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. వారిలో చాలామంది భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన పిల్లలు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం తోడు నిలిచాయి. కొందరు పిల్లలు చనిపోయాక గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. మాకూ టీకా మీద కోపం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది అడ్డుకుంటుంది. మా పేచీ కాగితంతో.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక ఆ కాగితాల లెక్క చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్‌లది. తల్లిదండ్రుల బదులు ప్రధానోపాధ్యాయులు, వార్డెన్‌లు సంతకం చేయవచ్చని పైనుంచే ఆదేశం వచ్చింది. ఇది పరిశోధన కాదు, ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని నడిపినవాళ్లు అన్నారు. పేరు మారిస్తే అడగాల్సిన ప్రశ్నలు తగ్గిపోతాయా? సంఘం ఆ మాట ఒప్పుకోలేదు, మంచి పని చేసింది.

ఒక్కచోట మాత్రం నివేదికతో మాకు పొత్తు కుదరదు. వేలిముద్రనూ వార్డెన్ సంతకాన్నీ అది ఒకే గాటన కట్టింది. మన పెద్దలు వేలిముద్ర వేసీ మాట నిలబెట్టుకున్నవాళ్లే, కాగితం లేకుండా నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చదువు రాని తల్లికి కోయలో కూర్చోబెట్టి చెప్పి, ఆమె అడిగినదానికి బదులిచ్చి వేయించుకున్న ముద్ర నిఖార్సైన అంగీకారమే. అలా చెప్పారా లేదా అన్నది ముద్రను చూస్తే తెలియదు. వార్డెన్ సంతకం సంగతి అది కాదు. అక్కడ తల్లే లేదు.

ఆ వార్డెన్‌లలో, హెడ్‌మాస్టర్లలో మనవాళ్లూ ఉంటారు. ఇది చెప్పుకోవడం కష్టమే. ఆఫీసు కాగితం వస్తే చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనది. జీపు దిగినవారికి కుర్చీ వేసి, పిల్లల్ని వరుసలో నిలబెడతాం.

నిరుడు మా బడికి పరిశోధన చేస్తామని కొందరు వచ్చారు. పిల్లల రక్తం కావాలన్నారు. కొత్తల పండగకు పిల్లలు ఇళ్లకు పోతారు, కాగితం వాళ్ల చేతికిచ్చి పంపుతాం, అమ్మా అయ్యా ఏమంటారో విని అప్పుడు రండి అన్నాం. మాకు అంత టైము లేదు సార్, మీరు సంతకం పెడితే చాలు అన్నారు. పెట్టలేదు. వాళ్లు మళ్లీ రాలేదు.