అర్రే సమస్యకు తగిన డేటా స్ట్రక్చర్: నాలుగు సమాధానాలపై విమర్శ

1. లక్ష్యాలు

ఈ భాగం చదివాక మీరు:
• ఒకే అర్రే సమస్యకు వచ్చిన వేర్వేరు పరిష్కారాలను తూచి చూడగలుగుతారు.
• డేటా స్ట్రక్చర్‌ను దాని పేరును బట్టి కాక, అడిగిన ప్రశ్నను బట్టి ఎంచుకోగలుగుతారు.

2. సమస్య

మీరు కోనసీమలో, మామిడికుదురు మండలం నగరంలో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకోండి. వానాకాలంలో మీ ఊరివాళ్ల చెవులన్నీ ధవళేశ్వరం వైపే ఉంటాయి. అక్కడ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. లంక గ్రామాలవాళ్లు సామాన్లు సర్దుకోవాలా, పశువులను గట్టెక్కించాలా అన్నది ఈ అంకెలను బట్టే తేలుతుంది.

గంటకొక రీడింగు చొప్పున జూన్ నుంచి అక్టోబరు దాకా 153 రోజులకు 3,672 రీడింగులు ఒక అర్రేలో ఉన్నాయనుకుందాం. ప్రశ్న ఇది: ప్రతి గంటకూ, గడిచిన 24 గంటల గరిష్ఠ మట్టం ఎంత?

3. సమాధానాల పరిశీలన

3.1 రెండు లూపులు: ప్రతి గంట దగ్గరా ఆగి వెనుకటి 24 రీడింగులనూ పోల్చి చూడటం. దీన్ని చూడగానే ‘అసమర్థం’ అని కొట్టేయడం మనలో చాలామందికి అలవాటు. కాని లెక్క వేయండి. 3,649 కిటికీలు, ఒక్కోదానికి 23 పోలికలు, మొత్తం దాదాపు 84 వేలు. ఇవాళ్టి కంప్యూటరుకు ఇది రెప్పపాటు పని. కాబట్టి ఈ పరిమాణానికి ఇది తప్పు సమాధానం కాదు. పైగా చదవడానికి తేలిక, తప్పు దొర్లే అవకాశం తక్కువ.

అదే రీడింగు సెకనుకొకటి వస్తే? సీజనుకు 1.32 కోట్ల రీడింగులు, కిటికీలో 86,400. పోలికలు లక్ష కోట్లు దాటుతాయి. అప్పుడు వేరే దారి వెతకక తప్పదు.

3.2 హాష్ టేబుల్: విద్యార్థులు ఎక్కువగా ఎంచుకొనే సమాధానం ఇదే. కారణం తెలిసిందే: ‘హాష్‌లో వెతకడం స్థిర కాలం’ అన్న పట్టిక మనకు కంఠతా వచ్చు. ఆ పట్టిక చెప్పేది సగం నిజమే. మొదటిది, అది సగటు మాట. కీలన్నీ ఒకేచోట గుమిగూడితే వెతుకులాట సరళరేఖలా పెరుగుతుంది. రెండోది, ఇంకా ముఖ్యమైనది: ‘ఈ విలువ ఉందా?’ అన్న ప్రశ్నకే హాష్ త్వరగా జవాబిస్తుంది. మన ప్రశ్న ‘అన్నిటికన్నా పెద్దది ఏది?’ హాష్‌కు వరస తెలియదు. గరిష్ఠం కావాలంటే కీలన్నీ మళ్లీ తిరగేయాల్సిందే. అంటే మొదటి సమాధానం దగ్గరికే వచ్చాం, పైగా హాష్ ఖర్చు అదనం.

ఇంకొక చిక్కు. 11.9 లాంటి దశాంశాన్ని కంప్యూటరు ద్విసంఖ్యా రూపంలో కచ్చితంగా దాచలేదు. సమానత్వం మీద ఆధారపడే హాష్‌కు అలాంటి కీ ఇవ్వడం నమ్మదగ్గ పని కాదు. వందతో గుణించి 1190గా, పూర్ణాంకంగా దాచుకోండి.

3.3 హీప్: 1964లో విలియమ్స్ హీప్ సార్ట్‌తో పాటు పరిచయం చేసిన నిర్మాణం. గరిష్ఠం ఎప్పుడూ శిఖరం మీదే ఉంటుంది, కనుక ప్రశ్నకు దగ్గరి సమాధానమే. అయితే కిటికీ దాటిపోయిన పాత రీడింగును హీప్ మధ్యలో వెతికి తీయడం కష్టం. అందుకని అది శిఖరానికి వచ్చినప్పుడే తీసేస్తాం.

ఇక్కడొక లోపం దాగి ఉంది. వరద గంటగంటకూ పెరుగుతోందనుకోండి. కొత్త రీడింగే ఎప్పుడూ శిఖరం. పాతవి అడుగున అలాగే పడి ఉంటాయి, ఒక్కటీ బయటికి రాదు. మనకు ఈ ప్రోగ్రాం అత్యవసరమైన సమయంలోనే హీప్ అనవసరంగా ఉబ్బుతుంది.

3.4 డెక్: అంటే రెండు కొసల నుంచీ చేర్చడానికి, తీయడానికి వీలున్న క్యూ. సూత్రం ఒక్కటే: కొత్త రీడింగు వచ్చినప్పుడు, వెనుక కొస నుంచి దానికన్నా తక్కువవాటిని, సమానమైనవాటిని తీసేసి దాన్ని చేర్చాలి. అవి ఇక ఎన్నటికీ గరిష్ఠం కాలేవు. కొత్తది వాటికన్నా చిన్నది కాదు, పైగా వాటికన్నా ఎక్కువసేపు కిటికీలో ఉంటుంది. ముందు కొసన ఉన్నదానికి కిటికీ దాటితే దాన్నీ తీసేయాలి. మిగిలిన ముందు కొసే జవాబు.

అభ్యాసం కోసం ఊహించిన అంకెలతో, కిటికీ 3గా తీసుకొని చూద్దాం: 10.2, 11.0, 10.8, 11.9, 11.5, 11.1, 10.9. 11.0 రాగానే 10.2 పోతుంది. 10.8 వెనుక చేరుతుంది, గరిష్ఠం 11.0. 11.9 వచ్చి రెంటినీ తుడిచేస్తుంది. 11.5, 11.1 వరసగా చేరతాయి. 10.9 వచ్చేసరికి 11.9కి గడువు తీరుతుంది, గరిష్ఠం 11.5. గడువు తెలియాలి కనుక డెక్‌లో విలువను కాక, అర్రేలో దాని స్థానాన్ని దాచాలి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ప్రతి రీడింగూ ఒకసారి చేరుతుంది, మహా అయితే ఒకసారి పోతుంది. కాబట్టి సెకనుకొక రీడింగు వచ్చినా చేర్చడాలూ తీయడాలూ కలిపి 2.65 కోట్లు మించవు. వరద పెరుగుతున్నప్పుడు డెక్‌లో ఉండేది ఒక్క రీడింగే.

4. డెక్‌కూ హద్దుంది

డెక్ గెలిచింది కదా అని అన్నిటికీ అదే వాడితే హాష్ విషయంలో చేసిన పొరపాటే మళ్లీ చేసినట్టు. ‘24 గంటల మధ్యగతం ఎంత?’ అని అడిగితే డెక్ చేతులెత్తేస్తుంది. అందుకు కావలసిన విలువలను అది ఎప్పుడో పారేసింది. పాత రీడింగు తప్పని తేలి సవరణ వచ్చినా అంతే. అక్కడ సెగ్మెంట్ ట్రీ పనికొస్తుంది: ప్రతి సవరణకూ కొంత ఖర్చు పెడుతుంది, కాని ఏ విలువనూ పోగొట్టదు.

5. సారాంశం

డేటా స్ట్రక్చర్ వేగం అంటే కొంత పనిని ముందే చేసి ఉంచడం, కొంత సమాచారాన్ని వదిలేయడం. ఏది వదిలేయవచ్చో ప్రశ్నే చెబుతుంది. కాబట్టి ప్రోగ్రాం రాయబోయే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టండి: ఏం అడుగుతున్నారు, ఎన్ని విలువలు, అవి మారతాయా?

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వరద నిలకడగా తగ్గుతుంటే, 24 గంటల కిటికీకి డెక్‌లో ఎన్ని రీడింగులు ఉంటాయి? ఎందుకు?
2. ‘ఈ సీజన్లో మట్టం ఒక్కసారైనా 13.75 దాటిందా?’ అన్న ప్రశ్నకు ఏ డేటా స్ట్రక్చర్ కావాలి? అసలు కావాలా?
3. పై డెక్ పరిష్కారంలో స్థానాలకు బదులు విలువలను దాస్తే ఏ అర్రేకు తప్పు జవాబు వస్తుందో ఒక ఉదాహరణ రాయండి.