నేరకథకు అందని నేరం

డిటెక్టివ్ నవలను మన అభ్యుదయ విమర్శ సాహిత్యపు పంక్తిలో కూర్చోనివ్వలేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఎందరో యువకులకు నిద్ర లేకుండా చేస్తే, అది పాఠకుల అభిరుచిలోని లోపమని చెప్పి ఊరుకున్నాం. యుగంధర్‌ను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. కాని ఆ కథల దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుందనీ, అది నేర్చుకోనందువల్లనే మన ప్రాంతంలో జరిగిన పెద్ద నేరాలు కథలు కాకుండా పోతున్నాయనీ నా వాదన.

ఇవాళ యువకులు నవలలు తక్కువగా చదువుతున్నారు. సెల్‌ఫోన్లలో నిజంగా జరిగిన నేరాల కథలు వింటున్నారు. భర్తను చంపించిన భార్య, ఆస్తి కోసం అన్నను నరికిన తమ్ముడు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బస్సులో ఇవి చెవుల్లో మోగుతుండగానే కుర్రవాళ్ళు ఇస్నాపూర్ దగ్గర దిగి షిఫ్టుకు పోతారు. వినడం తప్పు కాదు. నేనూ విన్నాను, కొన్ని బాగానే చెబుతారు. అయితే నేరమంటే ఏమిటో ఆ కుర్రవాళ్ళకు నేర్పుతున్నది ఆ కథలే. నేరమంటే ఒక శవం, ఒక కత్తి, కత్తి పట్టిన ఒక చెయ్యి. ఆ చేతికి బేడీలు పడగానే లోకం సర్దుకుంటుంది, ఎవరి ఆస్తి వారికి చేరుతుంది. ఆస్తిపరుడైన పాఠకుడికి ఇంతకంటె హాయైన ముగింపు మరొకటి వుండదు.

ఈ కొలబద్దను నక్కవాగు ఒడ్డున పెట్టి చూడండి. వెనుకబడిన మెదక్ జిల్లాను బాగుచేసే పేరుతో 1970ల నుంచి పటాన్‌చెరుకు పరిశ్రమలు వచ్చాయి. మందుల కంపెనీల, రసాయనాల కంపెనీల మురుగు ఇసుకవాగులో, నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయింది. బావులు చెడ్డాయి, పొలాలు చెడ్డాయి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అది హైకోర్టుకు, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచి 2017లో తీర్పుకు వచ్చింది. యుగంధర్ అయితే రెండు వందల పేజీలలో తేల్చేవాడు!

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం బయటికి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో వుండేదానికంటె ఇది ఎక్కువ. నేరకథలో విషం కాఫీకప్పులో వుంటుంది, కలిపినవాడు ఒక్కడు. ఇక్కడ విషమైంది రోగం కుదిర్చే మందే. అది వచ్చింది శుద్ధిచేసే చోటినుంచే. 90 గొట్టాల నీళ్ళు ఒకచోట చేరాక ఏ చుక్క ఎవరిదో ఎవరు చెప్పాలి? పటాన్‌చెరులో వైద్యం చేస్తూ దశాబ్దాలపాటు ఈ కాలుష్యం మీద పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్ రావు కంటె ఓపికగల పరిశోధకుడు మన డిటెక్టివ్ సాహిత్యంలో లేడు. అటువంటి మనిషి నాయకుడుగా వున్న తెలుగు నేరకథ ఒక్కటీ నేను చదవలేదు.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమ పేలిపోయింది. అక్కడ తయారయ్యేది మందుబిళ్ళలకు ఆకారమిచ్చే సెల్యులోజ్ పొడి. 54 మంది పోయారు. వారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కూలీలు. దొరికిన అవశేషాలకు డి.ఎన్.ఎ. పరీక్షలు చేసి ఎవరెవరో పోల్చుకోవలసి వచ్చింది. 8 మంది విషయంలో పోల్చుకోవడానికి ఏమీ మిగలలేదు. శవం కనిపించకపోవడం డిటెక్టివ్ రచయిత వేసే ఎత్తు. పాశమైలారంలో అది వాస్తవం.

పత్రికలన్నీ దీన్ని ప్రమాదమన్నాయి. ఆ మాట పడగానే కథకుడు కలం మూసేస్తాడు, ప్రమాదానికి కర్త వుండడు గనుక. కాని సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. ఏమరుపాటు వుంటే ఏమరినవాడూ వుంటాడు. పోలీసులు కేసు పెట్టారు. దోషి ఎవరో న్యాయస్థానం తేలుస్తుంది. రచయిత పని వేరు. ఎవరు ఏ గంటకు ఏమి చూశారు, ఎవరు ఎవరికి చెప్పారు, విన్నవాడు ఎందుకు ఊరుకున్నాడు – ఇది అతను రాయాలి.

మనవాళ్ళు రాస్తున్నదేమిటి? పేలుడు జరిగిన వారంలోపల కవిత వస్తుంది. అందులో హంతకుడు పెట్టుబడి, లేదా వ్యవస్థ. అబద్ధమని నేననను. కాని అందరూ ముద్దాయిలైన కేసులో ఎవరికీ సమన్లు అందవు. వ్యవస్థ సంతకం పెట్టదు. పెట్టేది మేనేజరు, తనిఖీ అధికారి, కూలీలను తెచ్చిన కాంట్రాక్టరు. డిటెక్టివ్ నవలలో మనం వెక్కిరించిన మొండితనం, అంటే గడియారం చూడడం, కాగితం వెతకడం, పేరు అడగడం, మనకు లేని గుణం.

రెండూ కలిపినవాడు లేకపోలేదు. పింకర్టన్ ఏజెన్సీలో డిటెక్టివ్ ఉద్యోగం చేసిన డాషియెల్ హామెట్ 1929లో ‘రెడ్ హార్వెస్ట్’ రాశాడు. గనుల పట్టణంలో సమ్మెను అణచడానికి యజమాని గూండాలను తెస్తాడు; వాళ్ళు పట్టణాన్నే పట్టుకుంటారు. హత్యల చిక్కుముడి విడినా పట్టణం చివరకు చేరేది మళ్ళీ ఆ యజమానికే. సమ్మెచేసిన కార్మికులు మాత్రం కథ వెనకనే వుండిపోయారు. అది చిన్న లోపం కాదు. అయినా హంతకుడి పేరూ, పట్టణం ఎవరిదన్న సంగతీ రెంటినీ అతను వదలలేదు. 1951లో కోర్టులో పేర్లు చెప్పనని జైలుకు పోయిన మనిషి అతను.

పాశమైలారం మీద నవల రాయబోయేవాడు మంటలతో మొదలుపెట్టనవసరం లేదు. మృతులెందరో తేలడానికే రోజులు పట్టింది. కాంట్రాక్టరు దగ్గర ఒక పట్టీ, గేటు దగ్గర ఒక పట్టీ, ఊరినుంచి వచ్చిన తమ్ముడి ఫోనులో ఒక ఫోటో. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకడు చాలు, మొదటి అధ్యాయానికి.