షార్టువేవు శ్రోతలు - అంతర్జాల ప్రసారములు

2001 జూలై 1వ తేదీన బి.బి.సి. ప్రపంచ సర్వీసు ఉత్తర అమెరికాకును, ఆస్ట్రేలియా ప్రాంతమునకును షార్టువేవు ప్రసారములను నిలిపివేసినది. అచ్చటివారు అంతర్జాలము ద్వారాను, స్థానిక ఎఫ్.ఎం. కేంద్రముల ద్వారాను వినుచున్నారు గనుక ఇక షార్టువేవు అనవసరమని సంస్థవారి వాదము. 2012లో కెనడా, నెదర్లండ్సు దేశముల అంతర్జాతీయ రేడియోలును, 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియాయును ఆ బాటనే పట్టినవి. ఈ వాదము ఎంతవరకు సమంజసమో పరిశీలింపవలసియున్నది.

అలవాటు మారినదనుట నిజమే. షార్టువేవు తరంగములు సుమారు 100 మొదలు 400 కిలోమీటర్ల ఎత్తున నున్న అయనావరణమున వంగి తిరిగి భూమిని చేరును. ఆ ఆవరణమును పోషించునది సూర్యుడే. కనుక పగలు 15 మెగాహెర్ట్జ్ వద్ద పలికిన కేంద్రమును చీకటి పడిన పిమ్మట 6 మెగాహెర్ట్జ్ ప్రాంతమున వెదకవలసి వచ్చెడిది. శ్రోత వేళను, పౌనఃపున్యమును ఒక పుస్తకములో వ్రాసికొని, ‘సిన్‌పో’ అను పద్ధతిలో ఐదంశములకు 1 నుండి 5 వరకు మార్కులు వేసి కేంద్రమునకు పంపెడివాడు. వారు బదులుగా ఒక బొమ్మకార్డు పంపెడివారు. 11 ఏండ్ల సౌరచక్రమును మనము పుస్తకములో చదివితిమి. ఈ శ్రోతలు దానిని చెవితో నెరుగుదురు.

అంతర్జాలమున ఈ శ్రమ లేదు. ధ్వని నిర్మలము, తప్పిపోయిన కార్యక్రమమును మరునాడైనను వినవచ్చును. గరగరల నడుమ వార్తలు వినుటే గొప్ప యనుట వట్టి చాదస్తము.

చిక్కు లెక్కలో నున్నది. అంతర్జాలమున ఎందరు, ఎంతసేపు, ఏ దేశమునుండి వినుచున్నదియు యంత్రమే చెప్పును. షార్టువేవు శ్రోత జాడ ప్రసారకునకు తెలియదు. అతడు ఉత్తరము వ్రాసిననే ఉన్నట్లు! ఉత్తరములు తగ్గినంత మాత్రమున శ్రోతలును అంతే తగ్గిరని తలచుట శాస్త్రీయము కాదు. రేడియో ఆస్ట్రేలియా నిర్ణయమువలన ఏటా 19 లక్షల డాలర్లు మిగులునని లెక్కవేసిరి. పసిఫిక్ దీవులలో సెట్టు దగ్గర కూర్చున్నవారిని లెక్కించుట అంత సులభము కాదు. 2015 మార్చిలో పామ్ తుఫాను వనువాటును ధ్వంసము చేసియున్నది. అట్టి వేళ ఎఫ్.ఎం. స్తంభము, టెలిఫోను, విద్యుత్తు ఒక్కసారిగా పోవును. షార్టువేవు ప్రసారిణి వేల కిలోమీటర్ల దూరమున క్షేమముగా నుండును; వినువానికి నాలుగు బ్యాటరీలు చాలును. 2022 జనవరి 15న టోంగా వద్ద అగ్నిపర్వతము పేలి సముద్రగర్భపు కేబులు తెగగా, దానిని బాగుచేయుటకు సుమారు ఐదు వారములు పట్టినది.

ఆ సంవత్సరము మార్చిలోనే బి.బి.సి. ఉక్రెయిను కొరకు దినమునకు నాలుగు గంటల చొప్పున షార్టువేవు ప్రసారములు ప్రారంభించెను. సాయంకాలము 15.735, రాత్రి 5.875 మెగాహెర్ట్జ్. వేళనుబట్టి పౌనఃపున్యమును మార్చు పాత పద్ధతియే!

ఉపాధ్యాయులకు ఒక మాట. నెదర్లండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయమున నున్న రిసీవరును అంతర్జాలము ద్వారా ఎవరైనను త్రిప్పి, షార్టువేవును వినవచ్చును. పగటికిని రాత్రికిని గల భేదమును విద్యార్థులకు వినిపించుటకు అది చక్కని సాధనము. అయితే అందు పలుకునది అచ్చటి ఆకాశము. మన ఊరి ఆకాశమును వినుటకు ఒక చిన్న సెట్టు, పది మీటర్ల తీగ కావలెను.