గుంపులోంచి గదిలోకి

థింసా పదిమందితో పండే ఆట. అరకు లోయలో ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరస కడతారు. పక్కన తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు, ఊదే మోరి మోగుతుంటాయి. దెబ్బ బిగిస్తే అడుగు వేగం అందుకుంటుంది. అడుగు జోరు చూసి దెబ్బ ఇంకాస్త బిగుస్తుంది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. ఇలాంటి చోట ఎవరైనా తలుపేసుకుని, ఫోన్‌లో తన పాటకు తనే తాళం వేసుకుని, వంత కూడా తనే పాడుకుంటున్నారంటే పెద్దవాళ్లకు వింతగానే తోస్తుంది.

వింతే గాని, కొత్త కాదు. గుంపుతో వాయించి వాయించి ఒకరోజు ఒంటరిగా గదిలోకి వెళ్లిపోయిన సంగీతకారుల వరస పెద్దదే. బీటిల్స్ విడిపోతున్న రోజుల్లో పాల్ మెకార్ట్‌నీ లండన్‌లోని ఇంట్లో నాలుగు ట్రాకుల టేపు యంత్రం పెట్టుకుని, అన్ని వాద్యాలూ తనే వాయించి 1970లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. మన పక్కనే ఉన్న ఉదాహరణ ఎ.ఆర్. రెహమాన్. కుర్రతనంలో మద్రాసులో రాక్ బ్యాండ్లలో వాయించాడు. రమేష్ నాయుడు, రాజ్-కోటి లాంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు మీద పనిచేశాడు. 1989లో ఇంటి పెరట్లోనే సొంత స్టూడియో కట్టుకున్నాడు. 1992లో 'రోజా' వచ్చింది. ఆ పాటల్లోని పొరల నేర్పు వెనక, అద్దె గంటలు లెక్కపెట్టనక్కర్లేని ఆ పెరటి గది ఉంది. ఈ కాలంలో చౌరస్తా బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల బయటికొచ్చి, 2022 నాటి 'డీజే టిల్లు' సినిమాలో ఆ పేరున్న పాటకు తనే బాణీ కట్టి, తనే పాడాడు.

అరకుకు వీళ్లందరికన్నా దగ్గరగా కనిపించేది మాత్రం వేల్స్. అదీ కొండల నేలే. పక్కన ఇంగ్లీషు లాంటి మహావృక్షం ఉండగా సొంత భాషను నిలబెట్టుకుంటున్న జనం. 2021 జనగణనలో వెల్ష్ వచ్చినవాళ్లు 5,38,000 మంది, అంటే నూటికి 18 మంది కూడా లేరు. కార్మార్దెన్‌లో 1991లో మొదలైన గోర్కీస్ జైగాటిక్ మంకీ అనే బ్యాండ్ వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ పాడి 2006లో విడిపోయింది. దాని గాయకుడు ఐరోస్ చైల్డ్స్ అదే ఏడు సొంతంగా ఒక ఆల్బమ్ ఇచ్చాడు. 2010లో సొంత లేబుల్ పెట్టుకుని, దాని మొదటి ఆల్బమ్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని వదిలేశాడు. సూపర్ ఫర్రీ యానిమల్స్ గాయకుడు గ్రిఫ్ రీస్ 2005లో చాలా వాద్యాలు తనే వాయించి, పూర్తిగా వెల్ష్‌లో ఒక ఆల్బమ్ చేశాడు. చిన్న భాషలో పాడేవాడికి అమ్మకాల లెక్క ఎలాగూ కుదరదు. ఖర్చు తగ్గించుకుంటే ఆ లెక్క వేసుకునే పనే తప్పుతుంది.

మన కొండల్లో ఆ లెక్క ఇంకా చిన్నది. అరకు చుట్టుపక్కల వినిపించే కూబి, అంటే కొండదొరల భాష, తెలుగుకు దాయాది. 2011 జనగణనలో దాన్ని మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 60 వేల పైచిలుకు. భద్రిరాజు కృష్ణమూర్తి దాని మీద పరిశోధన చేసి 1969లో పెద్ద పుస్తకమే తెచ్చారు. భాషకు వ్యాకరణం రాసిపెట్టిన పండితుడు దొరికాడు గాని, దాని పాటకు స్టూడియో అద్దె కట్టే నిర్మాత దొరకడు. ఇంట్లో రికార్డు చేసుకోవడం కొందరికి సరదా కావచ్చు, ఇక్కడ అది ఉన్న ఒక్క దారి.

ఆ పని కిటుకంతా పొరల్లో ఉంది. ముందు ఒకటి వాయించి రికార్డు చేస్తారు. దాన్ని చెవిలో వింటూ రెండోది, ఆ రెండూ వింటూ మూడోది. 1979లో టాస్కామ్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే చిన్న యంత్రం తెచ్చింది. నాలుగు చాలకపోతే మూడింటిని కలిపి నాలుగోదాని మీదికి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటినీ మళ్లీ వాడుకునేవాళ్లు. ఒకసారి కలిపాక విడదీయడం ఉండదు, గొంతు తగ్గిపోయిందనిపించినా చేసేదేమీ లేదు. అందుకే ఆ రోజుల్లో ముందే ఆలోచించుకునేవాళ్లు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అద్దె ఇంట్లో ఆ యంత్రం మీదే కొన్ని పాటలు చిత్తుప్రతిగా పాడుకున్నాడు. తర్వాత స్టూడియోలో తన బ్యాండుతో మళ్లీ చేసి చూస్తే ఆ చిత్తుప్రతిలోని గుండె అందులో కనబడలేదు. చివరికి ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' పేరుతో విడుదల చేశారు.

ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌లలోనే అంతకన్నా ఎక్కువ ట్రాకులున్నాయి. చిక్కు వేరే చోట. ఫోన్ మైకును మాట కోసం తయారుచేశారు. పెద్ద చప్పుడు వస్తే దానంతటదే శబ్దం తగ్గించేస్తుంది, చిన్నదైతే పెంచేస్తుంది. తుడుం మీద గట్టి దెబ్బ పడగానే వెనక గొంతు మునిగిపోయి, క్షణం తర్వాత మళ్లీ తేలుతుంది. మోరి సాగదీసిన స్వరాన్ని కొన్ని ఫోన్లు ఫ్యాను రొదలా లెక్కేసి కోసేస్తాయి. కాబట్టి సెట్టింగుల్లో ఆ సొంత తెలివిని ఆపే వీలుంటే ముందు ఆపాలి, ఫైలును డబ్ల్యూఏవీగా దాచాలి. వాద్యాన్ని నాలుగైదు అడుగుల దూరంలో పెట్టాలి, గొంతుకు జానెడున్నర చాలు.

గది విషయంలో మాత్రం కొండ ఊళ్లకు ఒక వరం ఉంది. సిమెంటు శ్లాబు, నున్నటి గోడల గదిలో శబ్దం గోడకూ గోడకూ కొట్టుకుని గింగిరాలు తిరుగుతుంది. మట్టి గోడ, పైన గడ్డి కప్పు ఉన్న ఇంట్లో ఆ గోల చాలావరకు చల్లారుతుంది. పట్నంలో స్పాంజి పలకలకు డబ్బు పోసేవాళ్లకు ఈ ముక్క చెప్పాలి. శ్లాబు ఇల్లే అయితే దండెం మీద రెండు బొంతలు వేలాడదీసి వాటి మధ్య నిలబడి పాడితే గొంతు బాగుపడుతుంది. తుడుము మంద్ర శబ్దానికి మాత్రం బొంతలు చాలవు, దాన్ని ఆరుబయట కొట్టించడమే మంచిది. రేకుల ఇల్లయితే వానాకాలం సంగతి మర్చిపోవచ్చు. అరకులో వానాకాలం పొడవు తెలిసినవాళ్లకు ఇది చిన్న మాట కాదు.

ఇంకొక గొడవ ఆలస్యం. గాలిలో శబ్దం పది మీటర్లు నడవడానికి సెకనులో దాదాపు ముప్పై నాలుగో వంతు పడుతుంది. థింసా వరస ఆ చివర ఉన్నవాళ్లు ఆ కాస్త తేడాను తెలియకుండానే సర్దుకుంటారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఆ ఆలస్యం తరచు సెకనులో పదో వంతు దాటిపోతుంది. వింటూ పాడితే ప్రతి పొరా వెనకబడుతుంది. కాబట్టి తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే వాడాలి.

అసలు సమస్య క్లిక్‌తో వస్తుంది. పొరలన్నీ ఒకే లయకు నిలవడానికి చెవిలో టిక్కు టిక్కుమని యంత్రతాళం పెట్టుకోవడం అలవాటు. సినిమా పాటకు అది సరిపోతుంది. అరకు, పాడేరు వైపు నుంచి ఆదివాసీ ఒడియాలో, తెలుగులో ఇప్పుడు యూట్యూబ్‌లోకొస్తున్న పాటల్లో చాలావాటికి పెళ్లి డీజే బీటు పరుస్తున్నారు. ఊపు ఉంది, కాదనను. కాని థింసాకు ప్రాణమే మెల్లగా మొదలై ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటూ పెరిగే వేగం. నిమిషానికి ఇన్ని దెబ్బలని బిగించేస్తే ఆ పెరుగుదల చచ్చిపోతుంది, మిగిలేది బాణీ ఒక్కటే.

దానికి మందు సులువైనదే. క్లిక్ తీసేసి, మొదటి పొరగా మనిషి కొట్టిన దెబ్బను పెట్టాలి. డప్పు కాచి, ఇద్దరు ముగ్గురు ఆడుతుండగా, ఆపకుండా పూర్తి ఆట రికార్డు చేయాలి. రెండు ఫోన్లు ఒకటి డప్పు దగ్గర, ఒకటి మోరి దగ్గర పెట్టి, మొదట్లో ఒక్క చప్పట కొడితే తర్వాత రెండింటినీ ఆ చప్పట దగ్గర కలుపుకోవచ్చు. ఆపైన గదిలోకి వెళ్లి ఎన్ని పొరలైనా వేసుకోవచ్చు. అప్పుడు పాడేవాడు ఒంటరే గాని, అతను తోడుగా వింటున్నది పదిమంది ఊపిరి. వేగం పెరిగిన చోట గొంతూ పెరగక తప్పదు.

ఒంటరిగా చేయడం ఆ సంప్రదాయానికి బొత్తిగా పరాయిదనీ అనుకోనక్కర్లేదు. థింసాల్లో బోడ, గుండేరి, కుండ లాంటివి గుంపువైతే నాటికారి థింసా ఒక్కరే ఆడేది. వాల్మీకి తెగవాళ్లు దాన్ని ముఖ్యంగా దీపావళికి ఆడతారు. అయినా అక్కడ ఆడేది ఒక్కరే గాని, వాయించేది ఒక్కరు కాదు.

ఇంటి రికార్డింగు దగ్గర నాకు ఇబ్బందిగా తోచేది ఇదే. బ్యాండ్ అయితే అట్ట మీద అందరి పేర్లూ పడతాయి. సోలో అనగానే ఒక్క పేరు మిగులుతుంది. నెబ్రాస్కా క్యాసెట్టుకు కూడా యంత్రం అమర్చిపెట్టిన మైక్ బాట్లన్ అనే మనిషి ఉన్నాడు. మన దగ్గర ఆ తుడుం కొట్టిన తాత, బాణీ నేర్పిన మేనత్త 'సంప్రదాయ గీతం' అన్న రెండు మాటల కింద మాయమైపోతున్నారు. ఫైలు పేరులోనే ఊరు, భాష, వాయించినవాళ్ల పేర్లు వాళ్లనడిగి రాసిపెట్టడానికి పట్టేది రెండు నిమిషాలు. యూట్యూబ్ డబ్బులు వస్తే పంచుకోవాల్సింది ఎవరితోనో కూడా అందులోనే తేలిపోతుంది.